లాభం, రెండు, మూడు

హాలు మధ్యలో ఇత్తడి గంగాళం. దాని నిండా కాజాలు. చుట్టూ నలుగురు మనుషులు. ఒక్కరూ చెయ్యి పెట్టడం లేదు.

చీమలకు పట్టింపులు లేవు కాబట్టి అవి మాత్రం అంచు మీదకు బారు కట్టాయి.

"మళ్ళీ చెప్పు. ఏమని కబురు పంపింది అక్కయ్య?" అంది సుబ్బాయమ్మ.

గంగాళం తెచ్చిన మనిషి గుమ్మంలోనే కబురు చెప్పేసి వెళ్ళిపోయింది. విన్నది పెద్దకోడలు నాగవల్లి ఒక్కతే. అప్పటినుంచీ అత్తగారు ఆ మాటలే తిరగేసి మరగేసి చెప్పిస్తోంది.

"'మొగల్తూరు సారె ఊరికి చాల్లేదట కదా, పాపం. మా ఇంట్లో ఉన్నవి పంపుతున్నాం. ఇంకా ఎవరికైనా అందకపోతే పంచుకోండి' అన్నారటండి."

"పాపం అని కూడా అందా?"

"అన్నారటండి."

సుబ్బాయమ్మ కళ్ళు మూసుకుంది. తిడుతూ కబురు పంపితే తిరిగి తిట్టొచ్చు. గంగాళం నిండా కాజాలు పంపిన మనిషిని ఏమనాలి? ఈ వంశంలో ఎవరూ ఎవరి మీదా కేకలు వేయరు. పెట్టి చంపుతారు.

కబురు పంపిన సూర్యాయమ్మ ఆమెకు పెద్ద తోటికోడలు, బావగారు జగన్నాథరాజు గారి భార్య. పెళ్ళయినా పురుడైనా మొదటి పళ్ళెం పంటకాలువ దాటి ఆ పెద్దింటికి వెళ్ళాకే రెండో పళ్ళెం కదలాలి. అలాంటిది, కొత్తకోడలు మంజుష మొగల్తూరు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారె పోయిన వారం ఊరంతా తిరిగింది కానీ ఆ గుమ్మం తొక్కలేదు. అందలేదని సూర్యాయమ్మ ఎవరితోనూ అనలేదు. ఎదురుచూసింది. ఇవాళ పొద్దున్న గంగాళం పంపింది.

"ఇంకో మాట కూడా ఉందండి," అంది నాగవల్లి. "ఆదివారం అన్నవరం రాలేరట. ఆరోజు మోకాళ్ళు నొప్పి పెడతాయట."

"మోకాళ్ళ నొప్పి ముందే తెలుస్తుందా?" అన్నాడు నాగవల్లి మొగుడు ఫణీంద్ర.

"మీ పెద్దమ్మకి తెలుస్తుంది," అంది సుబ్బాయమ్మ.

ఆదివారం కొత్త దంపతుల చేత సత్యనారాయణ వ్రతం చేయించాలి. బస్సు మాట్లాడేశారు. ఊళ్ళోవాళ్ళందరూ ఎక్కి, పెద్దింటివాళ్ళు ఎక్కకపోతే, ఆ ఖాళీ సీటు గురించి కొండ ఎక్కేదాకా ఒక కథ, దిగేదాకా ఇంకో కథ నడుస్తుంది.

ఫణీంద్ర గంగాళం వైపు ఒంగాడు. "పోనీ, ముందు తినేద్దామేంటి?"

"చెయ్యి తియ్యి. తింటే సారె చాల్లేదని ఒప్పుకున్నట్టు. తిప్పి పంపితే తెగతెంపులు చేసుకున్నట్టు."

"మరేం చేద్దాం?"

"చూస్తూ కూర్చుందాం."

సోఫా మూలన మంజుష ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని హైదరాబాదు కంపెనీకి ఇక్కడి నుంచే పనిచేస్తోంది. కళ్ళు మీటింగులో ఉన్నాయి, చెవులు గంగాళం దగ్గర ఉన్నాయి. "మావాళ్ళు ఎక్కువే పెట్టారండి అత్తయ్యగారూ. చాలకపోవడం ఏంటండి?" అంది చిన్నబుచ్చుకుని.

"నీ మైకు మూసుందా, తెరిచుందా?"

"మూసే ఉందండి."

"చూసుకో. ఇది హైదరాబాదు దాకా పాకకూడదు." సుబ్బాయమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. "అంతా నీ డబ్బా వల్ల వచ్చింది, వల్లీ."

ఇంట్లో రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. మంజుషది ఉద్యోగం. నాగవల్లిది డబ్బా. కూతురు హాస్టలుకు వెళుతూ వదిలేసిన పాతది. భీమవరంలో లెక్కలు ప్రధానంగా బి.ఎస్సీ. చదివి, ఆ తరవాత పాల లెక్క, చాకలి లెక్క తప్ప వేరే లెక్క ఎరగని నాగవల్లి, మధ్యాహ్నం అత్తగారు సీరియల్ ముందు కూర్చున్నప్పుడు ఆ మూత తెరిచి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటోంది. మొదలుపెట్టేవాళ్ళకు తేలికని వీడియోలో చెప్పారు. మొదట దాని చేత నమస్కారం పెట్టించింది. తరవాత ఎక్కాలు చెప్పించింది. ఆ తరవాత వైకుంఠపాళి పందెం వేయించింది.

నేర్చుకుంటే ఏమొస్తుందని ఫణీంద్ర ఒకసారి అడిగాడు. "సరదా వస్తుంది," అంది. అతనికి అర్థం కాలేదు. వండింది సాయంత్రానికి అయిపోతుంది, ఉతికింది మర్నాటికి మాస్తుంది. ఇది మాత్రం ఇవాళ ఎక్కడ ఆపితే రేపు అక్కడే ఉంటుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

సారె పంపకం వచ్చేసరికి ఆ సరదా ఇంటిపనిలోకి దిగింది. ఎవరింట్లో ఎంతమంది, ఎంత దగ్గరి చుట్టరికం, దాన్నిబట్టి ఎన్ని సున్నుండలు, ఎన్ని అరిసెలు అన్నీ కంప్యూటరే తేల్చి, ఇంటింటికీ పేరుతో చీటీ తీసింది. ఎప్పుడూ చాప మీద కూర్చుని ఒకళ్ళతో ఒకళ్ళు పోట్లాడుకుంటూ చేసే పని కాఫీ చల్లారేలోగా అయిపోయింది. ఆవేళ సుబ్బాయమ్మ దాన్ని డబ్బా అనలేదు. సరస్వతి అంది.

"అక్కయ్య పేరు రాయడం మర్చిపోయావు. అంతేగా?" అంది ఇప్పుడు.

"రాశానండి. అందరికంటే పైన రాశాను."

నాగవల్లి డబ్బాను ఒళ్ళోకి తీసుకుని మూత తెరిచింది. పేర్లున్నాయి. పెద్దత్తయ్యగారి పేరు మొట్టమొదట ఉంది. పైనుంచి కిందకు చదివింది. మళ్ళీ చదివింది. ఉన్నట్టుండి ఆమె చెవులు వేడెక్కాయి.

ఆ భాషలో వరసలోని మొదటి పేరు ఒకటో నంబరు కాదు. సున్నా. రెండో పేరు ఒకటి. ఈ సంగతి పాఠంలో చెప్పారు. విన్నప్పుడు నవ్వుకుంది కూడా. తీరా సారె దగ్గరికొచ్చేసరికి, చిన్నప్పటినుంచీ చేసిన అలవాటు కొద్దీ, ఒకటి నుంచి ఆఖరు దాకా చీటీలు తియ్యమంది. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. గౌరవం కొద్దీ అందరికంటే పైన పెట్టినందుకే పెద్దత్తయ్యగారి చీటీ పోయింది. ఏ మూలో రాసుంటే ఆవిడకు సారె అందేది.

చీటీలు అంటించినవాళ్ళకూ అనుమానం రాలేదు. మొదటి ఇంటికి వెళ్ళిందా అని ఎవరడుగుతారు? తెల్లారిందా అని ఎవరైనా అడుగుతారా?

"తప్పు నాదేనండి," అంది. సంగతి చెప్పింది.

మంజుష గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా ఆఫీసులో కూడా అందరూ ఒకసారి ఇందులో పడతారక్కా."

"మీ ఆఫీసులో సూర్యాయమ్మ ఉందా?" అంది సుబ్బాయమ్మ.

మంజుష మీటింగులోకి వెళ్ళిపోయింది.

"నీకు లెక్కలు రాకనా," సుబ్బాయమ్మ గొంతు తగ్గింది. తగ్గితేనే భయం. "పెద్దదాన్ని సున్నా దగ్గర నిలబెట్టే భాష మనింట్లో వద్దు. ఫణీ, ఆ డబ్బాని అటకెక్కించు."

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు ఫణీంద్ర, అవసరమైన దానికంటే గట్టిగా. "ఎప్పటినుంచో అంటున్నాను."

"ఏమండీ," అంది నాగవల్లి. "ఒక వాటా మిగలాలి కదండీ. ఏమైంది?"

ఫణీంద్ర చీమలను చూస్తూ, "మిగిలితే శుభం అంది అమ్మ. చెరువుల దగ్గరికి పట్టుకెళ్ళాను. పనోళ్ళకి పెట్టేశాను," అన్నాడు.

"అంతానా?"

"రొయ్యల మేత చల్లేవాళ్ళకి ఆకలి ఉండదా? ఇప్పుడు నన్నంటావేంటి?"

సుబ్బాయమ్మ అప్పటికే ఫోను అందుకుంది. ఆమె గొంతులోకి తేనె వచ్చింది. "అక్కయ్యా, నేనేనండి. కాజాలు అందాయండి, ఎంత బావున్నాయో. మీ సారె ఆవేళే ముందుగా పంపేనండి. ఆ ఆటో దుర్గాసాయి ఎక్కడ దింపేశాడో... ఆయ్, మతిమరుపు మనిషండి. కనుక్కుంటానండి."

ఫోను పెట్టేసి, "అయిపోయింది," అంది.

నాగవల్లికి అవలేదు. దుర్గాసాయి ఈ ఇంటికి ఆటో తోలడం మొదలుపెట్టాక ఒక కొత్తిమీర కట్ట కూడా దారి తప్పలేదు. రేపటినుంచి ఊళ్ళో అందరూ అతన్ని సారె మింగినవాడిగా చూస్తారు. ఆమె డబ్బా మూత వేసి, బీరువా పక్కన పెట్టి, కొంగు సర్దుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"పంటకాలువ అవతలకండి."

సుబ్బాయమ్మ ఆగమనలేదు, వెళ్ళమనలేదు. గంగాళం అంచు మీద చీమల్ని ఊదింది.

*

పెద్దింటి వీధి అరుగు మీద సూర్యాయమ్మ ఒత్తులు చేస్తోంది. పక్కన ఇత్తడి పళ్ళెంలో చేసిన ఒత్తులు గుట్టగా ఉన్నాయి. వ్రతానికి రానన్న మనిషి వ్రతానికి ఒత్తులు చేస్తోంది. నాగవల్లికి కొంచెం ధైర్యం వచ్చింది.

పడక్కుర్చీలో జగన్నాథరాజు గారు పేపరు చదువుతున్నారు. కోడలు గుమ్మంలోకి వస్తే, "రామ్మా, భోంచేసే వెళ్ళాలి" అని కేకేసే మనిషి ఇవాళ పేపరు వెనక నుంచి బయటికి రాలేదు.

"రా అమ్మాయ్. కాజాలు అందరికీ సరిపోయాయా?" అంది సూర్యాయమ్మ.

"పెద్దత్తయ్యగారూ, దుర్గాసాయి తప్పేం లేదండి. అత్తయ్యగారికి తెలియక అలా అన్నారు. తప్పు నాదండి."

"మీ అత్తకి తెలియక అనడం నేనీ ఇంటికి వచ్చాక చూళ్ళేదు. నీ తప్పేంటో చెప్పు."

నాగవల్లి అరుగు మీద కూర్చుని చెప్పింది. పేర్ల వరస గురించి చెప్పింది, ఆవిడ పేరు అందరికంటే పైన పెట్టానని చెప్పింది, సున్నా గురించి చెప్పింది. చెబుతున్నకొద్దీ తనకే అది మరింత అన్యాయంగా వినబడింది.

సూర్యాయమ్మ చేతిలో దూది ఆగింది. "అంటే మేం సున్నానా?"

"కాదండి. మొదటివాళ్ళే. మొదటివాళ్ళని అది సున్నా అంటుంది."

"మరి సుబ్బాయమ్మ చెవిటి చెల్లెలి నంబరెంత?"

"ఆవిడ రెండో పేరండి. అంటే... ఒకటి."

"ఆవిడ ఒకటి. నేను సున్నా."

పేపరు వెనక నుంచి చిన్న దగ్గు వినబడింది.

సూర్యాయమ్మ ఇంకో ఒత్తి నలిపి పళ్ళెంలో వేసింది. కాలవ గట్టు మీద ఎవరిదో ట్రాక్టరు వెళ్ళింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాక అడిగింది. "మీ పుట్టింట్లో ధాన్యం కొలవడం చూశావా, కుంచంతో?"

"చిన్నప్పుడు చూశానండి."

"మొదటి కుంచం పోసి ఏమంటారు?"

నాగవల్లి నోరు తెరిచి ఆగిపోయింది. చింతచెట్టు కింద ధాన్యం రాశి, తలపాగా మనిషి, అతని పాటలాంటి గొంతు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "ఒకటి అనరండి. లాభం అంటారు. లాభం, రెండు, మూడు..."

"అదీ. మొదటిదానికి అంకె చెప్పరు. పేరు చెప్పి దణ్ణం పెడతారు. మా మామగారి రోజుల్లో బస్తీనుంచి కొత్త గుమస్తా వచ్చాడు. లాభం అంటే ఏదో దేవుడి మాట అనుకుని, దాన్ని లెక్కలో కలపకుండా రెండో కుంచాన్నే ఒకటని రాసుకున్నాడు. రాశికి ఒక కుంచం చొప్పున తక్కువ చూపించాడు మహానుభావుడు." సూర్యాయమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు చేసిందీ ఆ గుమస్తా పనే."

"అవునండి," అంది నాగవల్లి. ఇంత సూటిగా పాఠం చెప్పిన వీడియో ఆమె ఇంతవరకూ చూడలేదు. "అచ్చంగా అదేనండి."

"మరి ఆ గుమస్తాని మా మామగారు పనిలోంచి తియ్యలేదు. మర్నాడు మళ్ళీ కొలిపించారు." సూర్యాయమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. "ఆదివారం బస్సులో ఎవరెక్కడ కూర్చోవాలో నీ మిషను చేత రాయించు. నన్నెక్కడ కూర్చోబెడుతుందో చూస్తాను. సాయంత్రం నేనే వస్తాను. ఆ తరవాత మోకాళ్ళ సంగతి ఆలోచిస్తాను."

నాగవల్లికి అటక గుర్తొచ్చింది. "అలాగేనండి," అంది.

"ఆగు. మా వాటా మిగిలుండాలి కదా. ఏమైంది?"

నాగవల్లి తన తప్పు చెప్పుకోవడానికి వచ్చింది. మొగుడి మాట నమ్మి, పనివాళ్ళు తిన్నారని చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు.

"పోనిద్దూ," అన్నారు జగన్నాథరాజు గారు పేపరు వెనక నుంచి. "తిండి దగ్గర ఆరాలేంటి?"

"మీరు మాట్లాడకండి. పోయిన వారం షుగరు పరీక్షకి తీసుకెళితే," సూర్యాయమ్మ కోడలి వైపు తిరిగింది, "డాక్టరు నన్ను పట్టుకుని, మీరేం పెడుతున్నారమ్మా ఈయనకి అని చీవాట్లేశాడు. కాకరకాయ తప్ప ఏం పెట్టాను? నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఎలా పెరిగిందో తెలీదు."

పేపరు ఒక్కసారి వణికింది. కానీ నాగవల్లి వచ్చినప్పుడు ఏ పేజీ ఉందో ఇప్పుడూ అదే పేజీ ఉంది.

*

ఇంటికి వచ్చేసరికి ఫణీంద్ర స్టూలు మీద ఉన్నాడు. డబ్బా అతని చేతుల్లో ఉంది. చేతులు అటక మీద, రాగి డేగిసాకీ విరిగిన ఫ్యానుకీ మధ్య ఉన్నాయి. గంగాళం దగ్గర సుబ్బాయమ్మ అలాగే కూర్చుని ఉంది.

"దింపండి," అంది నాగవల్లి. "సాయంత్రం పెద్దత్తయ్యగారు వస్తున్నారు. బస్సు సీట్లు దానితోనే రాయించాలట. అప్పుడుగానీ ఆదివారం సంగతి తేల్చరు."

"నన్ను అబద్ధాలకోరుని చేసి వచ్చావా?" అంది సుబ్బాయమ్మ.

"మీకు తెలియక అన్నారని చెప్పేనండి."

"నమ్మిందా?"

"లేదండి."

సుబ్బాయమ్మ నిట్టూర్చింది. అందులో కోపం కంటే ఒప్పుకోలు ఎక్కువ ఉంది. అయినా మాట వదల్లేదు. "సీట్లు చేత్తో రాయొచ్చు. అటకెక్కిందేదీ ఇంట్లో మళ్ళీ దిగలేదు. అదిగో, ఆ ఫ్యానుని అడుగు. పెట్టెయ్ ఫణీ."

డబ్బా ఇంకాస్త లోపలికి జరిగింది. సరదా అంతా ఆ చీకట్లోకి వెళ్ళిపోతుంటే, నాగవల్లి స్టూలు దగ్గరికి వెళ్ళి, అత్తగారికి వినబడకుండా అంది. "మిగిలిన వాటా ఏమైందని అడిగారండి పెద్దత్తయ్యగారు."

స్టూలు కిర్రుమంది. "నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పలేదు. పనివాళ్ళకి పెట్టారని సాయంత్రం మీరే చెప్పండి. ఆవిడ వాళ్ళని పిలిపించి అడుగుతారేమో."

ఫణీంద్ర పైనుంచి చూశాడు. చెమట పట్టింది. "వల్లీ," అన్నాడు, పెళ్ళయిన కొత్తలో పిలిచినట్టు. "పనోళ్ళు తినలేదు."

"మీరే తిన్నారా?"

"నేను రెండే. చెరువు చూద్దామని పెదనాన్నగారు వచ్చేరు. షెడ్డులో సంచీ చూశారు. ఒక్కటి రుచి చూస్తానన్నారు. పెద్దాయన్ని కాదంటామా?"

"ఒక్కటేనా?"

"ఒకటి అని లెక్కపెడితేగా." ఫణీంద్ర గొంతు మరీ తగ్గింది. "లాభం, రెండు, మూడు అనుకుంటూ తిన్నారు. చేతులు కడుక్కుని, మీ పెద్దమ్మకి తెలిస్తే నీ చెరువులకి నీళ్ళు రానివ్వను అని కూడా అన్నారు."

నాగవల్లి గోడ పట్టుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియలేదు. అంటే చీటీ లేకపోయినా, ఆ గుమ్మం తొక్కకపోయినా, పెద్దింటి వాటా పెద్దింటివారికే చేరింది. ఎవరికి చేరకూడదో వారికి.

"మరి దింపుతారా?" అంది.

అతను దింపలేదు, అందించాడు. అందించేముందు లుంగీ అంచుతో దుమ్ము కూడా తుడిచాడు.

"ఫణీ, ఏం చేస్తున్నావు?" అంది సుబ్బాయమ్మ.

"అటక మీద ఎలకలున్నాయమ్మా," అన్నాడు. స్టూలు మీంచి దిగడం మర్చిపోయాడు.

వీధిలో ఆటో ఆగింది. సాయంత్రం ఇంకా కాలేదు. దుర్గాసాయి దిగి వెనక వైపు వచ్చేలోగానే సూర్యాయమ్మ దిగేసింది. మోకాళ్ళలో ఏ నొప్పీ లేని నడక. ఆవిడ వెనక జగన్నాథరాజు గారు, గుడికి బలవంతంగా తీసుకొచ్చిన పిల్లాడిలా.

"రండి అక్కయ్యా, రండి బావగారూ," సుబ్బాయమ్మ లేచి కొంగు సర్దుకుంది. మంజుష చెవుల్లోంచి హెడ్‌సెట్ తీసేసింది.

సూర్యాయమ్మ గంగాళం వైపు చూసింది. నిండుగానే ఉంది. స్టూలు మీద ఉన్న ఫణీంద్ర వైపు చూసింది. ఆ తరవాత నాగవల్లి చేతుల్లో డబ్బా వైపు చూసింది.

"సీట్ల సంగతి తరవాత. దారిలో దుర్గాసాయి ఒక మాట అన్నాడు. మిగిలిన సారె సంచీ చెరువుల దగ్గర షెడ్డులో తనే దింపాడట. ఆ వేళ అక్కడ ఒక తెల్ల పంచె కూడా చూశాడట. ఎవరిదో మాత్రం చెప్పనన్నాడు, మతిమరుపు మనిషిని కదండీ అన్నాడు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ మిషను లెక్కలు తేలుస్తుందన్నావుగా అమ్మాయ్. ముందు ఇది తేల్చమను. మా వాటా ఎవరు తిన్నారు?"

ఆవిడ వెనక జగన్నాథరాజు గారు రెండు చేతులూ ఎత్తి నాగవల్లికి దణ్ణం పెట్టారు. స్టూలు మీద ఫణీంద్ర కళ్ళు మూసుకున్నాడు. సుబ్బాయమ్మ చూపు ఒకరి మీంచి ఒకరి మీదకు తిరిగి, అన్నీ తెలిసిపోయిన దానిలా కోడలి దగ్గర ఆగింది.

నాగవల్లి బల్ల మీద డబ్బా పెట్టి మూత తెరిచింది.

"ఇది నేను చెప్పిందే చెబుతుందండి, పెద్దత్తయ్యగారూ."

"తెలుసు," అంది సూర్యాయమ్మ. "అందుకే నువ్వేం చెబుతావో చూద్దామని వచ్చాను."